పనిచోట ప్రాణరక్షణ

శ్రీరంగాపూరునకు మొదటిసారి వచ్చువారి చూపు ముందుగా రంగనాయకస్వామి గోపురముపై నిలిచి, పిదప దాని ప్రక్కనున్న రంగసముద్రము మీదికి పోవును. వనపర్తి సంస్థానాధీశుల కాలమునాటి ఈ చెరువు నేడు భీమా ఎత్తిపోతల పథకములో ఒక జలాశయమైనది. మన ప్రాంతపు ఏ పాత చెరువును చూచినను అందు ఒక విశేషము కనిపించును. కట్ట ఎంత ఎత్తుగా నున్నను, దాని చివర కొంచెము తక్కువ మట్టమున రాతితో కట్టిన అలుగు ఒకటి తప్పక ఉండును. ఎంత వాన కురిసినను మిగులు నీరు కట్ట మీదుగా పొరలక, ఆ అలుగు మీదుగానే దిగి వాగులో కలియవలెనని కట్టించినవారు ముందే ఆలోచించిరి. "వరద వచ్చినప్పుడు జాగ్రత్తగా ఉండుము" అని నీరటికి చెప్పి వారు ఊరకుండలేదు. నీరటి నిద్రపోయినను, ఊరిలో లేకున్నను అలుగు తన పని తాను చేయును.

కర్మాగారములలోను, గిర్నీలలోను, గనులలోను, చివరకు మన పాఠశాలల వంటశాలలలోను పనివారి క్షేమమును గూర్చి ఆలోచించునప్పుడు ఈ అలుగును జ్ఞప్తియందుంచుకొనుట మంచిది. నేను దీనిని పుస్తకములో చదివి తెలిసికొన్నవాడను కాను.

కొన్ని సంవత్సరముల క్రిందట మా కళాశాలలో చదువుచున్న ఒక విద్యార్థి వారము దినములు తరగతికి రాలేదు. విచారింపగా, అతని తండ్రి పల్లికాయ ఒలుచు గిర్నిలో పనిచేయుచుండగా కుడిచేయి బెల్టులో పడి మూడు వ్రేళ్లు పోయినవని తెలిసినది. ఆసుపత్రికి వెళ్లితిని. గిర్ని యజమాని కూడ అక్కడనే యుండెను. అతడు చెడ్డవాడు కాడు. మందుల ఖర్చంతయు తానే పెట్టుకొనెను. నన్ను చూచి, "ఏం జేస్తం సారూ, ఎన్నిసార్లు జెప్పిన. జర జూసుకొని పనిజెయ్యాలె గదా!" అనెను. మంచము మీది మనిషియు తల ఊపి, "నాదే తప్పు సారూ, ఆఖరి బస్తాకు వచ్చేసరికి కండ్లు మూసుకపోయినయి" అనెను. ఇద్దరును ఒకే మాట చెప్పుచున్నారు గనుక అదే నిజమనుకొని ఇంటికి వచ్చితిని. ఆ రాత్రి ఒక కాగితము మీద చిన్న లెక్క వేసిన తరువాత నా అభిప్రాయము మారినది.

ఆ లెక్క ఉన్నత పాఠశాల విద్యార్థులు చేయదగినదే. గిర్నీలలో వాడు సాధారణ విద్యుత్ మోటారు నిమిషమునకు సుమారు 1440 మారులు, అనగా సెకనుకు 24 మారులు తిరుగును. దాని కప్పీ వ్యాసము 15 సెంటీమీటర్లు అనుకొందము. చుట్టుకొలత 47 సెంటీమీటర్లు. అప్పుడు కప్పీపై నడచు బెల్టు సెకనుకు 11.3 మీటర్లు పోవును. మనుష్యుని చేయి వ్రేళ్ల కొననుండి భుజము వరకు సుమారు 70 సెంటీమీటర్లు. ఆ మేర బెల్టు కదలుటకు పట్టు కాలము ఒక సెకనులో నూటికి 6 వంతులు మాత్రమే. మరి మనుష్యుడు కంటితో చూచి, మెదడుతో గ్రహించి, చేతిని వెనుకకు తీయుటకు ఎంత కాలము పట్టును? ఎంత చురుకైన వానికైనను సెకనులో ఐదవ వంతు పట్టును. ఆ లోపున బెల్టు 2 మీటర్లకు పైగా పోయియుండును. అనగా చేయి పట్టువడిన సంగతి అతనికి తెలియునప్పటికే జరుగవలసినదంతయు జరిగిపోయినది.

ఈ ఐదవ వంతు సెకను అను మాటను నమ్మనివారు తరగతిలోనే కొలిచి చూడవచ్చును. ఒక విద్యార్థి 30 సెంటీమీటర్ల స్కేలును నిలువుగా పట్టుకొనవలెను. సున్న గుర్తు క్రిందికి ఉండవలెను. రెండవ విద్యార్థి ఆ సున్న గుర్తు దగ్గర బొటనవ్రేలిని చూపుడు వ్రేలిని తెరచి సిద్ధముగా నుండవలెను. మొదటివాడు చెప్పకుండ స్కేలును వదలును. రెండవవాడు దానిని పట్టుకొనవలెను. సాధారణముగా 15 నుండి 20 సెంటీమీటర్ల మధ్య పట్టువడును. స్వేచ్ఛగా పడు వస్తువు 20 సెంటీమీటర్లు పడుటకు దాదాపు 0.2 సెకను పట్టునని సూత్రము వలన తెలియును. ఇది చూపులన్నియు స్కేలు మీదనే నిలిపి, పట్టుకొనుటకు సిద్ధముగా నున్న పిల్లవాని సంగతి. పగలంతయు బస్తాలు మోసిన మనుష్యుని సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

కనుక "జాగ్రత్తగా ఉండవలసినది" అను మాటకు ఇక్కడ అర్థము లేదు. జాగ్రత్త అనునది నరముల వేగమునకు లోబడినది. యంత్రము ఆ వేగమును దాటిపోయినది. ఆ రెండింటికి మధ్యనున్న తేడాను పూడ్చుటకే ఏర్పాటు కావలెను.

ఇప్పుడు ఆ గిర్నిని అలుగు కట్టించినవారి కన్నుతో చూతము. మొదట అడుగవలసిన ప్రశ్న: అసలు ఈ అపాయమును లేకుండ చేయవచ్చునా? మోటారును యంత్రపు ఇరుసునకే సూటిగా తగిలించినచో బెల్టే ఉండదు; లేని బెల్టు ఎవరి చేతిని పట్టదు. కొత్త యంత్రము కొనునప్పుడే ఈ ప్రశ్న వేసికొన్న యెడల ఖర్చు తక్కువ. పాత యంత్రమైనచో అది సాధ్యము కాకపోవచ్చును. అప్పుడు బెల్టును కప్పీలను ఇనుప జాలీతో మూసివేయవలెను. జాలీ బెల్టునకు ఎంత దగ్గరగా నున్నచో దాని కన్నులు అంత చిన్నవిగా ఉండవలెను. లేనిచో వ్రేళ్లు లోపలికి పోవును.

ఇంతటితో పని ముగిసినదనుకొనరాదు. ఆ మనిషి చేయి అక్కడికి ఎందుకు పోయినది? ఇది నేను ఆలస్యముగా అడిగిన ప్రశ్న. బెల్టు జారుచుండగా దానిని చేతితో సరిచేయబోయినాడు. యంత్రమును ఆపవచ్చును గదా అన్నచో, స్విచ్చి గదికి ఆ చివరనున్నది. ఆపి మరల నడుపుటకు పది నిమిషములు పోవును. బయట బండ్లు నిలిచియున్నవి. కాబట్టి స్విచ్చి చేతికి అందు చోట ఉండవలెను. జాలీ తెరచువాడు ముందుగా ఫ్యూజు తీసి తన జేబులో పెట్టుకొనవలెను. అతడు తిరిగి పెట్టువరకు మరియొకడు యంత్రమును నడుపలేడు. పెద్ద కర్మాగారములలో ఇదే పనిని తాళముతో చేయుదురు. స్విచ్చికి తాళము వేసి, తాళపుచెవి మరమ్మతు చేయువాడు తన దగ్గరనే ఉంచుకొనును.

చేతి తొడుగులు, టోపీలు, కండ్లద్దములు అన్నిటికంటె చివరివి. మన వాడుకలో మాత్రము ఇవే మొదటివి. ఎందుకనగా అవి చవుక. పైగా ఫొటోలో బాగుగా కనిపించును. తిరుగు యంత్రము దగ్గర చేతి తొడుగే అపాయమని చాలమందికి తెలియదు. వదులు గుడ్డను బెల్టు చర్మము కంటె సులభముగా పట్టును. పంచె కొంగు, చీర చెంగు, జారిన జడ కూడ అట్టివే.

చేతిని కొట్టు అపాయము కంటికి కనిపించును. కనిపించనివి వేరు. రాయి పగులగొట్టు క్రషర్ల దగ్గర, పలుగురాతిని పొడి చేయు చోట్ల గాలిలో ఇసుక ధూళి ఉండును. పెద్ద రేణువులు ముక్కులోను గొంతులోను చిక్కి ఉమ్మితో పోవును. మిల్లీమీటరులో వెయ్యవ వంతును మైక్రాను అందురు. 5 మైక్రాన్ల రేణువు కదలిక లేని గాలిలో సెకనుకు 2 మిల్లీమీటర్లు మాత్రమే దిగును. మనుష్యుని ముక్కు ఎత్తునుండి నేలకు చేరుటకు 12 నిమిషములు పట్టును. 1 మైక్రాను రేణువునకు ఐదు గంటలు పట్టును. కనుక "ధూళి అణగినది" అని కంటికి తోచునప్పటికి అణగినది పెద్ద రేణువులే. ఊపిరితిత్తుల కొనల వరకు పోగలవి ఇంకను గాలిలోనే ఉన్నవి. వానివలన వచ్చు సిలికోసిస్ వ్యాధి సంవత్సరముల తరబడి మెల్లగా పెరుగును. దానిని నయముచేయు మందు లేదు. దవడకు కట్టుకొన్న తువాలు ఈ రేణువులను ఆపదు. రాయిని తడిపి తొలుచుట, ధూళి పుట్టిన చోటనే గొట్టముతో పీల్చివేయుట, ఇవియే దానికి అలుగులు. ఇటలీ దేశపు వైద్యుడు రామజ్జీని 1700 సంవత్సరమున వృత్తుల వలన వచ్చు వ్యాధులను గూర్చి గ్రంథము వ్రాయుచు, రోగిని "నీవు ఏమి పని చేయుదువు?" అని కూడ వైద్యుడు అడుగవలెనని చెప్పెను. మన ఊళ్లలో దగ్గుతో వచ్చినవానిని ఆ ప్రశ్న అడుగువారు నేటికిని అరుదే.

గిర్ని చిన్నది, దాని అపాయము ఒకరిద్దరికి. ఏర్పాటు ఎంత దూరము ఆలోచింపవలెనో తెలియుటకు మన పొరుగు జిల్లాయైన నాగర్‌కర్నూలులోనే రెండు సంఘటనలున్నవి. రెండును నల్లమల అడవిలో దోమలపెంట ప్రాంతమున, భూమి లోపల జరిగినవి.

శ్రీశైలము ఎడమగట్టు జలవిద్యుత్ కేంద్రము కొండ లోపల నున్నది. 150 మెగావాట్ల యంత్రములు ఆరు కలిసి 900 మెగావాట్ల సామర్థ్యము కలది. 2020 ఆగస్టు 20వ తేది రాత్రి అందు మంటలు లేచినవి. ఇంజనీర్లతో సహా 9 మంది మరణించిరి. ఇంటిలో నిప్పు పుట్టినచో పొగ కిటికీలగుండ పైకి పోవును, మనుష్యులు తలుపుగుండ బయటికి పోవుదురు. భూగర్భమున మాత్రము పొగకును మనుష్యునకును ఉన్న త్రోవలు అవియే; పొగ వేగముగా పోవును. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడు రక్తములోని హీమోగ్లోబినును ఆక్సిజను కంటె 200 రెట్లకు మించిన బలముతో పట్టుకొనును. దానికి రంగు లేదు, వాసన లేదు; పీల్చిన మనిషి కాళ్లు ముందు తడబడును, బుద్ధి మందగించును. కాబట్టి భూగర్భమున పనిచేయువానికి త్రోవ వెదకుకొను తెలివి అప్పుడు కలుగునని ఎవరును లెక్క వేయరాదు. పొగ పోవుటకు వేరు దారి, దీపములు ఆరినను కనిపించు గుర్తులు, అందుబాటులో శ్వాస యంత్రములు, చీకటిలో నడచి నేర్చిన అలవాటు, ఇవన్నియు మంటకు ముందే ఉండవలసినవి.

రెండవది శ్రీశైలము ఎడమగట్టు కాలువ సొరంగము. శ్రీశైలము నీటిని నల్లగొండ ప్రాంతమునకు తీసికొనిపోవుటకై సుమారు 44 కిలోమీటర్ల పొడవున దీనిని రెండు కొనలనుండి యంత్రములతో తొలుచుచుండిరి. పైన పులుల అభయారణ్యము ఉన్నందున నడుమ ప్రక్కదారులు త్రవ్వుటకు వీలు లేకపోయినది. 2025 ఫిబ్రవరి 22వ తేది ఉదయమున, దోమలపెంట వైపు ముఖద్వారమునకు సుమారు 14 కిలోమీటర్ల లోపల, పైకప్పు విరిగి నీరు, బురద, రాళ్లు వచ్చిపడినవి. చాలమంది బయటికి రాగలిగిరి. 8 మంది చిక్కుకొనిరి. మార్చి నెలలో ఇద్దరి శవములు దొరకినవి. మిగిలిన ఆరుగురి కొరకు వారముల తరబడి వెదకి, ఏప్రిలులో వెదకుట ఆపవలసివచ్చెను.

అప్పుడు సహాయమునకు వచ్చినవారిలో సైనికులతో పాటు సింగరేణి బొగ్గుగనుల రక్షణదళము వారుండిరి. ఇది గమనింపదగినది. బొగ్గుగనులలో పైకప్పు కూలుట, విషవాయువు నిండుట అనుకోని సంగతులు కావు. కనుక గనుల చట్టము క్రింద 1985లో చేసిన నియమములు శిక్షణ పొందిన రక్షణదళములను, వారి సామగ్రిని సిద్ధముగా ఉంచవలెనని గనులను నిర్బంధించినవి. వ్రాతలో ఉన్న ఆ నిర్బంధము వలననే అట్టి మనుష్యులు మన రాష్ట్రమున తయారుగా నుండిరి. ఆ సొరంగపు మార్గమున కొండ లోపలి పొరలను తెలిసికొనుటకై 2025 నవంబరులో హెలికాప్టరుకు పెద్ద తీగచుట్టను వ్రేలాడగట్టి విద్యుదయస్కాంత సర్వే ప్రారంభించిరి. నీరున్న పగుళ్ల రాయి విద్యుత్తును గట్టి రాయికంటె బాగుగా ప్రసరింపజేయును. ఆ తేడానుబట్టి లోపలి సంగతి ఊహింతురు. త్రవ్వుటకు ముందు చూచుట, త్రవ్వుచు చూచుట, రెండును ఏర్పాటులో భాగములే.

చట్టము ఈ విషయమున ఏమి చెప్పుచున్నది? మన దేశమున మొదటి ఫ్యాక్టరీల చట్టము 1881లో వచ్చినది. స్వాతంత్ర్యానంతరము 1948 నాటి చట్టము చాలకాలము నడచినది. యంత్రములకు కంచె వేయవలెనని, వాయువు నిండియుండగల గుంటలలోను తొట్లలోను పరీక్షింపక మనిషిని దింపరాదని అందు స్పష్టముగా నుండెను. 1984లో భోపాలు విషవాయు దుర్ఘటన జరిగిన పిమ్మట, 1987లో ఆ చట్టమును సవరించి, ప్రమాదకరమైన ప్రక్రియలు నడుపువారు వాని వివరములను పనివారికి, చుట్టుప్రక్కల ప్రజలకు తెలుపవలెనని చేర్చిరి. 2025 నవంబరు 21 నుండి ఆ చట్టమునకు, గనుల చట్టము మొదలగు మరి కొన్నిటికి బదులు 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యము, పని పరిస్థితుల కోడ్ అమలులోనికి వచ్చినది.

ఈ కోడ్ ప్రకారము గాయము గాని వృత్తివ్యాధి గాని కలిగించు అపాయములు లేకుండ పనిచోటును ఉంచుట యజమాని విధి. నిర్ణయించిన తరగతుల పనివారికి ఏడాదికొకసారి ఉచిత ఆరోగ్యపరీక్ష చేయింపవలెను. క్షేమము కొరకు చేసిన ఏర్పాటునకు పనివాని జీతమునుండి పైసా కోయరాదు. ప్రాణాపాయము ముంచుకొనివచ్చుచున్నదని సహేతుకముగా తోచినప్పుడు పనివాడు ఆ సంగతిని యజమానికి, తనిఖీ అధికారికి తెలుపు హక్కు కలవాడు. నియమములను పాటించుట, ఏర్పాటును పాడుచేయకుండుట అతని విధి. 500 మంది గల కర్మాగారములలో, ప్రమాదకర ప్రక్రియలున్న చోట 250 మందికే, క్షేమాధికారి ఉండవలెను. విధిని తప్పుటవలన ఎవరైన మరణించినచో రెండేండ్ల వరకు జైలు, లేదా 5 లక్షలకు తగ్గని జుల్మానా, లేదా రెండును విధింపవచ్చును. జుల్మానాలో సగమునకు తగ్గకుండ మృతుని వారసులకు ఇప్పించు అధికారము న్యాయస్థానమునకు కలదు.

ఇక్కడ నా మనసునకు నచ్చని సంగతి ఒకటున్నది. విద్యుత్తు వాడుచోట 10 మంది పనివారున్నచో పాత చట్టము దానిని కర్మాగారముగా లెక్కించెడిది. కొత్త కోడ్ ఆ సంఖ్యను 20 చేసినది. కోడ్‌లోని సాధారణ విధులు కూడ ఎక్కువగా 10 మంది ఉన్న చోట్లకే వర్తించును. ఆరుగురు పనిచేయు మన పల్లి గిర్నీలు నాడును నేడును బయటనే ఉన్నవి. బెల్టు మాత్రము మనుష్యులను లెక్కించి తన వేగమును తగ్గించుకొనదు. అట్టి చోట చట్టము వచ్చి అడుగునని ఎదురుచూడక, చట్టము పెద్దవారిని చేయుమన్న దానిని చిన్నవారు తామే చేసికొనవలెను.

దానికి పెద్ద చదువు అక్కరలేదు. ఒక కాగితము చాలును. ఉన్నత పాఠశాల విద్యార్థులు మధ్యాహ్న భోజనపు వంటశాలను తీసికొని అట్టి కాగితము తయారు చేయవచ్చును. మా విద్యార్థులచే చేయించితిని. ఒక గంటసేపు ఊరక నిలిచి చూచిరి. మరుగుచున్న సాంబారు గిన్నెను ఇద్దరు అమ్మలు పొయ్యినుండి బయటి అరుగు మీదికి మోయుచున్నారు. ఆ త్రోవలోనే పిల్లల వరుస ఉన్నది. ఎవరికి ఏమి కావచ్చును, ఇప్పుడేమి ఏర్పాటున్నది, ఇంకేమి కావలెను, ఎవరు చేయుదురు, ఏ తేదీలోగా, మరల ఎప్పుడు చూతురు అని గళ్లు గీసి వ్రాసిరి. "అమ్మలు జాగ్రత్తగా మోయవలెను" అని మొదట ఒక బాలిక వ్రాసినది. స్కేలు పరీక్ష గుర్తు చేయగా తానే కొట్టివేసి, "వరుసను గోడకు అవతలికి మార్చవలెను, గిన్నె మూతకు పట్టీ వేయవలెను" అని వ్రాసినది. ప్రధానోపాధ్యాయులు వరుసను ఆ మరునాడే మార్చిరి. పట్టీ వేయుటకు నెల పట్టినది. తప్పిపోయిన ముప్పులను, అనగా గిన్నె తొణికి ఎవరిమీదను పడని దినములను కూడ తేదీ వేసి వ్రాయుమని చెప్పితిని. గాయము తగిలిన దినము ఏడాదికొకటి వచ్చునేమో గాని తప్పిన ముప్పు వారమునకొకటి దొరకును. నేర్చుకొనుటకు అవియే ఎక్కువ పనికివచ్చును.

నా లెక్క కాగితమును ఆ గిర్ని యజమానికి కూడ చూపితిని. అతడు చాలసేపు చూచి, "గింత జల్ది పోతదా సారూ?" అని మాత్రము అడిగెను. తరువాత వెల్డింగు చేయువాని చేత జాలీ కట్టించెను, స్విచ్చిని యంత్రము దగ్గరకు తెచ్చెను. నా విద్యార్థి తండ్రి ఇప్పుడు అదే గిర్నిలో తూకము దగ్గర కూర్చుండును. జాలీ తెరువవలసివచ్చినప్పుడు ఫ్యూజు తీసి ఆయన ఎడమ జేబులో వేసికొనును.